స్పోర్ట్స్ కారును చదవడం ఎలా: ఇంజిను, గేర్‌బాక్సు, రూపం మీద వాదించుకునేవాళ్ల కోసం

ఒడిశాలోని జయపురంలో మాది స్పేర్ పార్టుల షాపు. ఆదివారం సాయంత్రం షట్టరు సగం దించి, బల్ల బయట వేస్తే నలుగురం చేరతాం. సునాబేడ హెచ్‌ఏఎల్‌లో విమానాల ఇంజిన్ల మీద పనిచేసి రిటైరైన మా మామయ్య, సాలూరు నుంచి రాయపూర్ దాకా లారీ తోలే బావ, మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కూతురు, నేను. మాలో ఎవరికీ స్పోర్ట్స్ కారు లేదు. అయినా పోర్షె 911 గురించో, మాజ్డా ఎమ్ఎక్స్-5 గురించో మాట మొదలైతే టీ చల్లారిపోతుంది.

మొదట్లో మా వాదనలన్నీ ఒకేలా ఉండేవి. ఒకరు గుర్రాల లెక్క చెబితే ఇంకొకరు అంతకంటే పెద్ద అంకె చెప్పేవారు. ఎవరూ ఏమీ నేర్చుకోకుండానే లేచిపోయేవాళ్లం. తర్వాత మెల్లగా ఒక పద్ధతి కుదిరింది. ఒక కారు కాగితం మీదున్న అంకెల్ని, దాని ఒంటి మీదున్న గీతల్ని చదివి, అది రోడ్డు మీద ఎలా ఉంటుందో ఊహించగలిగే పద్ధతి అది. దాన్నే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

మొదటి మెట్టు: ఒక నోట్‌బుక్, ఆరు అంకెలు

ఏ కారు గురించి మాట్లాడాలన్నా ముందు ఇవి రాసుకోండి: బరువు, గరిష్ఠ పవర్, ఆ పవర్ ఎన్ని ఆర్‌పీఎం (ఇంజిను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో, గరిష్ఠ టార్క్ (ఇంజిను తిప్పే బలం), అది ఏ ఆర్‌పీఎం నుంచి ఏ ఆర్‌పీఎం దాకా ఉంటుందో, టైరు సైజు. వీలైతే గేర్ల నిష్పత్తులు కూడా.

యూనిట్ల దగ్గర జాగ్రత్త. పోర్షె 911 జీటీ3 పవర్‌ను ఒకచోట 510 అని, ఇంకోచోట 503 అని, మరోచోట 375 అని రాస్తారు. మూడూ నిజమే. మొదటిది పీఎస్, అంటే మెట్రిక్ గుర్రాల లెక్క. రెండోది బీహెచ్‌పీ, అంటే బ్రిటిష్ గుర్రాల లెక్క. మూడోది కిలోవాట్లు. ఒక కిలోవాట్ అంటే 1.36 పీఎస్. మా బల్ల మీద సగం గొడవలు ఇక్కడే పుట్టేవి. అందుకే ఇప్పుడు అన్నీ పీఎస్‌లోకి మార్చాకే నోరు విప్పుతున్నాం.

రెండో మెట్టు: పికప్, పుల్లింగ్, పవర్ విడదీయండి

మన దగ్గర ఈ మూడు మాటల్నీ కలిపేసి వాడతారు. బావ మాత్రం కలపడు. లోడుతో ఉన్న లారీ తక్కువ ఆర్‌పీఎంలోనే ఎత్తు లాగితే అది పుల్లింగ్. కాలు నొక్కగానే బండి ముందుకు దూకితే అది పికప్. ఎత్తు మీద కూడా స్పీడు పడిపోకుండా పోతూ ఉంటే అది పవర్. పుస్తకాల భాషలో పుల్లింగ్ అంటే టార్క్ అనుకోండి. పవర్ అంటే ఆ టార్క్‌ను ఎంత వేగంగా తిప్పగలుగుతున్నామన్నది. పికప్ మాత్రం టార్క్, గేరు, బరువు మూడూ కలిసి పుట్టేది.

లెక్క చాలా సులువు. టార్క్‌ను కొలిచే న్యూటన్ మీటర్లను ఆర్‌పీఎంతో గుణించి, 7,023తో భాగిస్తే పీఎస్ వస్తుంది. దీన్ని రెండు కార్ల మీద వేసి చూడండి.

బీఎండబ్ల్యూ ఎమ్2లో ఉన్నది 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఇంజిను (టర్బో అంటే ఏమిటో మూడో మెట్టులో చెబుతాను). 2023లో మన దేశానికి వచ్చినప్పుడు దాని పవర్ 460 పీఎస్, టార్క్ 550 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్ 2,650 నుంచి 5,870 ఆర్‌పీఎం దాకా బల్లపరుపుగా ఉంటుంది. 2021లో వచ్చిన 911 జీటీ3లో టర్బో లేని 4.0 లీటర్ల ఇంజిను ఉంది. దాని టార్క్ 470 మాత్రమే, అదీ 6,100 దగ్గర. పవర్ మాత్రం 510 పీఎస్. తక్కువ పుల్లింగ్ ఉన్నదానికి ఎక్కువ పవర్ ఎలా వచ్చింది?

లెక్కను వెనక్కి తిప్పండి. ఎమ్2 గరిష్ఠ పవర్ 6,250 దగ్గర వస్తుంది. అక్కడ దాని టార్క్ సుమారు 517. జీటీ3 గరిష్ఠ పవర్ 8,400 దగ్గర. అక్కడ దాని టార్క్ 426కి పడిపోయింది. కానీ అది నిమిషానికి రెండు వేల చుట్లకు పైగా ఎక్కువ తిరుగుతోంది కదా, లోటును అదే పూడుస్తుంది. పైగా 9,000 దాకా తిరగగలదు. మొదటిసారి ఈ లెక్క నోట్‌బుక్‌లో పడ్డ రోజు అన్నయ్య కూతురు పెన్ను బల్ల మీద పెట్టేసి, "చిన్నాన్నా, అంటే అసలు దెబ్బలాట టార్క్‌కీ ఆర్‌పీఎంకీ మధ్యన్నమాట" అంది. సరిగ్గా అదే.

మూడో మెట్టు: ఇంజిను గాలి ఎలా పీలుస్తుందో చూడండి

ఇంజిను రెండు రకాలుగా గాలి తీసుకుంటుంది. ఒకటి, పిస్టన్ కిందికి దిగేటప్పుడు తనంతట తానే పీల్చుకోవడం. రెండోది టర్బో. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతాయి. దీన్ని మామయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు. జెట్ ఇంజిన్‌లోనూ వేడి గాలి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ కంప్రెసర్‌ను తిప్పుతుంది. "ఇది మా ఇంజిన్‌కి చిన్న తమ్ముడురా" అంటాడు ఆయన.

2015 ఈ విషయంలో గుర్తుంచుకోవాల్సిన సంవత్సరం. ఆ ఏడాదే పోర్షె మామూలు 911 కరేరాకు టర్బోలు పెట్టింది. ఫెరారీ కూడా టర్బో లేని 458 స్థానంలో టర్బో ఉన్న 488ను తెచ్చింది. పొగ నిబంధనలు, ఇంధన ఖర్చు లెక్కలు బిగుసుకోవడమే దీనికి ముఖ్య కారణం. చిన్న ఇంజిన్‌తో పెద్ద టార్క్ కావాలంటే టర్బో దారి తేలిక. పోయిందేమిటంటే, కాలికీ ఇంజిన్‌కీ మధ్యన ఉండే ఆ సూటి సంబంధం. టర్బో చక్రం వేగం అందుకునే దాకా ఒక చిన్న విరామం ఉంటుంది. ఆ విరామాన్ని చంపడానికే 2024లో 911 జీటీఎస్‌లో టర్బో లోపలే ఎలక్ట్రిక్ మోటారు పెట్టారు.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లకు మాత్రమే బాగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. సునాబేడ, కోరాపుట్ వైపు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో గాలి 8 నుంచి 10 శాతం పలచన. తనంతట తాను పీల్చుకునే ఇంజిన్‌కు ఆ మేరకు గాలి తగ్గిపోతుంది, దానితో పాటే పవర్ కూడా. 184 పీఎస్ ఉన్న ఎమ్ఎక్స్-5 సాలూరు దాటి పొట్టంగి ఘాట్ ఎక్కి పైకి వచ్చేసరికి 170కి దిగువన ఉంటుంది. టర్బో ఇంజిన్ అయితే చక్రాన్ని ఇంకాస్త వేగంగా తిప్పి ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది. ఇంకా ఎత్తుకు, లద్దాఖ్ వైపు వెళ్లేవాళ్లకు ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

*శబ్దం సంగతి*

శబ్దాన్ని ఊరికే మోజు అనుకోకండి. అది ఇంజిన్ లోపలి కట్టుబడి నుంచి వస్తుంది. మామయ్య ఒకసారి షాపులో ఉన్న బైండింగ్ వైరు చుట్ట నుంచి రెండు ముక్కలు కత్తిరించాడు. నోసు ప్లయరుతో రెండింటికీ నాలుగేసి వంపులు తిప్పాడు. మొదటిదాన్ని కొన వైపు నుంచి కంటికి సూటిగా పట్టుకుని చూస్తే ప్లస్ గుర్తులా కనిపించింది. రెండోది ఒకే నిలువు గీతలా కనిపించింది. వీ8 ఇంజిన్ (రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లు) క్రాంక్‌షాఫ్ట్‌లో, అంటే పిస్టన్లు తిప్పే వంపుల ఇరుసులో, ఉండే తేడా అంతా ఇదే.

ప్లస్ గుర్తులా ఉండేది క్రాస్‌ప్లేన్. ఒక్కో వరసలోని సిలిండర్లు సమాన విరామాల్లో పేలవు. అందుకే మస్టాంగ్ జీటీ లాంటివాటిలో ఆ దడదడలాడే బొంగురు గొంతు. నిలువు గీతలా ఉండేది ఫ్లాట్‌ప్లేన్, ఫెరారీ వీ8ల పద్ధతి. దాని క్రాంక్ తేలిక, తొందరగా పైకి తిరుగుతుంది, గొంతు సన్నగా కీచుమంటుంది, అదురు మాత్రం ఎక్కువ. ఒకే పేరులో రెండూ వినాలంటే కార్వెట్ చాలు. 2020 మోడల్ స్టింగ్‌రేలో 6.2 లీటర్ల క్రాస్‌ప్లేన్ ఇంజిన్, 2023 మోడల్ జెడ్06లో 8,600 దాకా తిరిగే 5.5 లీటర్ల ఫ్లాట్‌ప్లేన్ ఇంజిన్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని రెండు వీడియోలూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. రెండో వారానికి తెరమీద చూడకుండానే ఏది ఏదో చెప్పేస్తారు. ఆ వైరు ముక్కలు ఇప్పటికీ మా గల్లాపెట్టెలో ఉన్నాయి.

నాలుగో మెట్టు: గేర్‌బాక్సును లెక్కతో మొదలుపెట్టండి

మాన్యువలా ఆటోమేటిక్కా అనే గొడవకు ముందు, గేరు ఏం చేస్తుందో ఒకసారి చేత్తో లెక్కవేయాలి. ఎమ్ఎక్స్-5 2.0 లీటర్ల మాన్యువల్ తీసుకుందాం. మొదటి గేరు నిష్పత్తి 5.087. క్రౌన్, పినియన్ దగ్గర, అంటే చక్రాల ఇరుసు దగ్గరున్న చివరి గేర్ల జతలో, ఇంకో 2.866. రెండూ గుణిస్తే సుమారు 14.6. ఇంజిన్ ఇచ్చే 205 న్యూటన్ మీటర్లు చక్రాల దగ్గరికి వెళ్లేసరికి దాదాపు 2,990 అవుతాయి, దారిలో రాపిడికి పోయేది పక్కన పెడితే. అదే మూడో గేరులో నిష్పత్తి 2.035, చక్రాల దగ్గర టార్క్ 1,200 లోపే. ఇంజిన్ అదే, కాలు అదే. తేడా అంతా గేరుదే. "పికప్ లేదు" అని తిట్టే చాలామందికి నిజానికి కావాల్సింది ఒక గేరు దిగడం.

ఇప్పుడు టైరు. దాని సైజు 205/45 ఆర్17. 205లో 45 శాతం అంటే 92 మిల్లీమీటర్లు, అది పక్క గోడ ఎత్తు. పైనా కిందా కలిపి 184, మధ్యలో 17 అంగుళాల రిమ్ము 432. మొత్తం వ్యాసం 616 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకు సుమారు 1.94 మీటర్లు ముందుకు వెళ్తుంది. దీన్నిబట్టి ఆరో గేరులో, అంటే నిష్పత్తి సరిగ్గా 1 దగ్గర, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ 2,500కి కాస్త అటూ ఇటూ తిరుగుతుందని ఎవరూ చెప్పకుండానే తేల్చవచ్చు. మీ సొంత బండి మీద ఈ లెక్క వేసి మీటరుతో సరిచూసుకోండి. అంకె కలిసిన క్షణంలో ఉండే ఆనందం వేరు.

ఇక రకాలు. మాన్యువల్ అందరికీ తెలిసిందే. డ్యూయల్ క్లచ్ అంటే ఒకే పెట్టెలో రెండు గేర్‌బాక్సులు అనుకోండి. 1, 3, 5, 7 ఒక క్లచ్ మీద, 2, 4, 6 ఇంకో క్లచ్ మీద. మూడో గేరులో వెళ్తుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ వదులుతూ రెండోది పట్టుకుంటుంది, మధ్యలో లాగుడు తెగదు. పోర్షె దీన్ని 1980లలోనే రేసు కార్లలో పరీక్షించింది. అమ్మకానికి వచ్చిన మామూలు కార్లలో మొదటిది 2003 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32. 911లోకి వచ్చింది 2008లో. మూడో రకం టార్క్ కన్వర్టర్. ఇందులో క్లచ్‌కు బదులు నూనె ద్వారా శక్తి వెళ్తుంది. ఒకప్పుడు దీన్ని ముసలివాళ్ల గేర్‌బాక్సు అనేవారు. ఇప్పటివి కదిలిన కాసేపటికే లోపల తాళం వేసుకుని నేరుగా పట్టుకుంటాయి. ఎక్కువ టార్క్‌ను మోస్తాయి, నిదానంగా పోయేటప్పుడు కుదుపులూ ఉండవు. బీఎండబ్ల్యూ తన ఎమ్ కార్లలో డ్యూయల్ క్లచ్ వదిలి ఇటు మళ్లింది.

డ్యూయల్ క్లచ్ కొనేవాళ్లు ముందు అది పొడి రకమా, నూనెలో మునిగే తడి రకమా అని అడగాలి. నేను అడగలేదు. నా పాత కారుది పొడి క్లచ్. ఒక వానాకాలం సాలూరు నుంచి వస్తుంటే ఘాట్‌లో లారీ అడ్డం తిరిగి ట్రాఫిక్ ఆగింది. ఎత్తు మీద అడుగు అడుగు జరుగుతూ నలభై నిమిషాలు. బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టకుండా, యాక్సిలరేటరుతోనే బండిని ఆపుకుంటూ వచ్చాను. అంటే అంతసేపూ హాఫ్ క్లచ్ మీదే ఉన్నట్టు. ముందు కాలిన వాసన, తర్వాత మీటరులో హెచ్చరిక దీపం, ఆ తర్వాత గేరే పడలేదు. పక్కకు తోసి బానెట్ తీసి గంట కూర్చున్నాం. వెనక సీట్లో అమ్మ ఉంది, చీకటి పడుతోంది, టెన్షన్ అంతా ఇంతా కాదు. నూనెలో మునిగిన క్లచ్ అయితే ఆ వేడిని నూనె కొంత లాక్కుపోయేది. ఘాట్ రోడ్డు మనుషులకు నా సలహా ఒకటే. ఆగితే బ్రేకు పూర్తిగా నొక్కండి, ముందు బండి నాలుగు బారలు జరిగాక ఒకేసారి కదలండి.

స్పోర్ట్స్ కారులో ఏది మేలు? గడియారం మాట వింటే వాదనే లేదు. జీటీ3 డ్యూయల్ క్లచ్‌తో 0 నుంచి 100కు 3.4 సెకన్లు, ఆరు గేర్ల మాన్యువల్‌తో 3.9. ఎమ్2లోనూ ఆటోమేటిక్ 4.1, మాన్యువల్ 4.3. అయినా నేను మాన్యువల్ వైపే. ఆ అర సెకను నాకు రేసు ట్రాకు మీద తప్ప పనికిరాదు. కానీ వంపు ముందు బ్రేకు నొక్కుతూనే మడమతో యాక్సిలరేటరు తట్టి, గేరు మెత్తగా దించే పనికి మాత్రం రోజూ అవకాశం వస్తుంది. అన్నయ్య కూతురు ఒప్పుకోదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదుంటే వంపు మీద ధ్యాస ఎక్కువ ఉంటుందని తన వాదన. అందులోనూ నిజం ఉంది.

ఐదో మెట్టు: బరువుతో భాగించండి

పవర్‌ను టన్నుల్లోని బరువుతో భాగించండి. ఎమ్ఎక్స్-5 సుమారు 1,100 కిలోలు, టన్నుకు 167 పీఎస్. మాన్యువల్ ఎమ్2 సుమారు 1,700 కిలోలు, టన్నుకు 270. మాన్యువల్ జీటీ3 1,418 కిలోలు, టన్నుకు 360. ఇది నేరుగా ఉన్న రోడ్డు లెక్క మాత్రమే. బ్రేకు, మలుపు, టైరు అరుగుదల, వీటన్నిటికీ తక్కువ బరువే దేవుడు.

ఆరో మెట్టు: రూపాన్ని సుద్దముక్కతో చదవండి

"బాగుంది", "బాగోలేదు" అనే మాటల్ని కాసేపు పక్కన పెట్టండి. "ఇది ఇలా ఎందుకు ఉంది?" అని అడగండి. మేము షాపు ముందున్న సిమెంటు గచ్చు మీద సుద్దతో గీస్తాం. ముందు రెండు సున్నాలు, అవి చక్రాలు. తర్వాత డ్రైవరు తల ఎక్కడ ఉంటుందో ఒక చుక్క. తర్వాత ఇంజిన్ ఎక్కడ ఉంటుందో ఒక డబ్బా. ఈ నాలుగూ పడగానే కారు సగం గీసినట్టే.

మస్టాంగ్‌లో డబ్బా ముందుంటుంది. ముక్కు పొడవు, డ్రైవరు వెనక్కి. 911లో డబ్బా వెనక చక్రానికీ అవతల, అందుకే 1963లో మొదటిసారి చూపించినప్పటి నుంచీ ఆ వెనక వీపు జారుడు అలాగే ఉంది. కార్వెట్ 1953 నుంచి ముక్కు పొడవున్న కారే. 2020 మోడల్‌కు ఇంజిన్ డ్రైవరు వెనక్కి రాగానే క్యాబిన్ అమాంతం ముందుకు జరిగింది. పాత అభిమానులు చాలామంది నొచ్చుకున్నారు. గచ్చు మీద గీసి చూస్తే వేరే దారి లేదని తెలుస్తుంది.

తర్వాత గాలి. జీటీ3 వెనక రెక్కను చూడండి. దాన్ని పట్టుకున్న కాళ్లు కింది నుంచి కాకుండా, హంస మెడలా వంగి పైనుంచి పట్టుకుంటాయి. కారును నేలకు అదిమే పనిలో రెక్క కింది వైపు గాలిదే ముఖ్య పాత్ర. ఆ వైపు కాళ్లు అడ్డం లేకుండా ఉండడానికే అలా చేశారు. తెలిశాక అది అలంకారంలా కనిపించదు.

అలాగే ప్రతి బొక్కలోకీ టార్చి వేసి చూడండి. వెనక రేడియేటరో బ్రేకు గొట్టమో ఉంటే అది పని చేసే బొక్క. నల్ల ప్లాస్టిక్ కనబడితే వేషం. ఖరీదైన కార్లలోనూ ఈ వేషాలుంటాయి. నాకు వాటి మీద కోపమే.

ఇవన్నీ చూశాక మీ ఇష్టం చెప్పండి. 2020లో బీఎండబ్ల్యూ ఎమ్4కు వచ్చిన నిలువెత్తు గ్రిల్ నాకు ఇప్పటికీ నచ్చదు. ఇంజిన్‌కు గాలి కావాలి, ఒప్పుకుంటా. కానీ పొడవాటి ముక్కుకు ఆ నిలువు బరువు పొసగదు. బావకు మాత్రం అదే ఇష్టం. లారీ ముఖంలా ధైర్యంగా ఉందంటాడు. 1990ల చివరలో వచ్చిన 996 తరం 911 దీపాల మీద కూడా ఇలాంటి గొడవే జరిగింది. గుండ్రటి దీపాలు పోయి, ఖర్చు తగ్గించడానికి పోర్షె చిన్న కారు బాక్స్‌స్టర్‌తో పంచుకున్న సాగిన దీపాలు వచ్చాయి. 2004లో మళ్లీ గుండ్రటివి తెచ్చారు.

ఏడో మెట్టు: ఘాట్ మీద మీ బండితోనే

మీది ఏ బండైనా సరే, ఆల్టో అయినా. తెల్లవారాక, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, వేగపరిమితి లోపలే. సంతకు నడిచి వెళ్లేవాళ్లు, పశువులు ఎదురయ్యే రోడ్డు ఇది, పందేలకు చోటు కాదు. నేరుగా ఉన్న ఎత్తు మీద మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర మొదలుపెట్టి కాలు పూర్తిగా నొక్కండి. లాగుడు ఎక్కడ అందుకుందో, ఎక్కడ నీరసపడిందో పక్కసీటు మనిషి రాయాలి. ఆ అంకెల్ని కంపెనీ కాగితంతో పోల్చండి.

దిగేటప్పుడు బావ సూత్రం: "ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు." న్యూట్రల్ మాట ఎత్తితే ఆయన బండి ఎక్కడు.

ఇప్పుడు అన్నీ కలిపి ఒక వాదన

కిందటి ఆదివారం మా ప్రశ్న: మన కోరాపుట్ ఎత్తులో జీటీ3 మేలా, ఎమ్2 మేలా? నోట్‌బుక్ తీశాం. జీటీ3 తనంతట తాను గాలి పీల్చే ఇంజిన్. 510లో 8 నుంచి 10 శాతం పోతే మిగిలేది 460 నుంచి 470. ఎమ్2 టర్బోలది, దాని 460 చాలావరకు అలాగే ఉంటుంది. సముద్రం ఒడ్డున 50 ఉన్న తేడా సునాబేడ గేటు దగ్గరికి వచ్చేసరికి దాదాపు మాయమైంది. మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని అంకెల్ని మళ్లీ చూశాడు. నేను ఎమ్2 వైపు మొగ్గాను, 2,650 నుంచే పుల్లింగ్ ఉంది కదా అని.

అన్నయ్య కూతురు బరువులు రాసింది. 1,418, 1,700. టన్నుకు లెక్కేస్తే ఆ ఎత్తులో కూడా జీటీ3 సుమారు 325 నుంచి 330, ఎమ్2 270.

బావ టీ గ్లాసు కింద పెట్టి, "ఎక్కడం సంగతి తేలింది. ఆ మూడు వందల కిలోల తేడాతో పొట్టంగి దిగేటప్పుడు బ్రేకుల వేడి ఎంతో ఎవరు లెక్కేస్తారు?" అన్నాడు. అన్నయ్య కూతురు కొత్త పేజీ తిప్పి, పైన ఘాట్ ఎత్తు అని రాసి గీత కొట్టింది.